ఇనుప సవతి

మా ఆయనకు ఇంకో ఆడదానితో సంబంధం ఉన్నా నాకింత ఒళ్ళు మండేది కాదు. మనిషైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేదాన్ని. ఇది నా చేతులతో ఈడ్వలేని ఇనుము. పాడుబడ్డ క్వారీ అడుగున, ముళ్ళకంపల మధ్య తుప్పుపట్టి పడున్న పాతకాలం తవ్వే మిషను. ఇనుప తాళ్ళతో, గొలుసులతో, మనిషంత చక్రాలతో నడిచే రకం. ఇప్పుడు అలాంటివి ఎవరూ తయారుచెయ్యరు, ఎవరూ నడపరు. అయినా ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా ట్రైలర్ మీద తెచ్చి, మా ఇంటి ముందున్న ఖాళీ జాగాలో మళ్ళీ బిగించి నిలబెట్టాడు. పెళ్ళిలో నన్ను చూసినదానికన్నా దాన్ని ఎక్కువ మురిపెంగా చూశాడు. ఈ మాట నేను కాదు, మా అత్తే అంది.

మిషన్లంటే గిట్టని దాన్నేం కాదు నేను. నా బతుకుతెరువే మిషను. పొక్లెయిన్ నడుపుతాను. ఆడది ఆ సీట్లో కూర్చోవడమేమిటని మొదట్లో మూతులు తిప్పినవాళ్ళు తిప్పారు. ఇప్పుడు కాలవకి వాలు సరిగ్గా రాకపోతే వాళ్ళే వచ్చి నన్ను పిలుస్తారు. ఆ ఎండాకాలం మా వీధి చివర మురుగుకాలవ తవ్వే పని నాదే. అంటే ఊరివాళ్ళ మురుగంతా పోవడానికి దారి తవ్వుతూ, మా ఇంటి సంగతికొచ్చేసరికి చేతులు ముడుచుకు కూర్చున్నానన్నమాట.

మా ఇంటి సంగతి చెప్పాలి. కింద మా ఆయన లేత్ షెడ్డు, పైన రెండు గదులు. పైకి వెళ్ళడానికి బయటనుంచి నిటారుగా ఇనుప మెట్లు. మరుగుదొడ్డి, స్నానాల గది కింద, షెడ్డు వెనక. ఆ ఏడు ఎండలు ముదురుతుండగా మా అత్త ఆఖరి మెట్టు మీద కాలుజారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోసుకొచ్చారు. వాకరు పట్టుకుని గదిలో నాలుగడుగులు వెయ్యొచ్చు గానీ మెట్లు దిగకూడదు, గొంతుక్కూర్చోకూడదు అన్నారు ఆసుపత్రిలో. దాంతో ఆవిడకి పై గదే లోకం అయింది. మంచం, మంచం కింద బెడ్‌పాన్.

పైన బాత్రూము కడదామంటే ఆ గోడలు బరువు మొయ్యవని మేస్త్రీ తేల్చేశాడు. కింద జాగాలోనే ఒక గది వేసి, దానికి ఆనించి కూర్చునే కమోడుతో బాత్రూము కట్టాలి. అదీ వానలు పడేలోపల, ఎందుకంటే వాన పడితే ఆ జాగా చెరువవుతుంది. పోనీ కూలీలని పెట్టి తవ్విద్దామా అంటే అది క్వారీ రాళ్ళు పోసి చదును చేసిన నేల. గునపం వేస్తే నిప్పురవ్వలొస్తాయి, మట్టి రాదు. మిషనుతో తవ్వాల్సిందే. ఆ జాగాకి సరిగ్గా నడిమధ్యలో ఈ మహాతల్లి కూర్చుంది.

"ఇంజన్ తిరిగితే అదే పక్కకి జరుగుతుంది," అన్నాడు మా ఆయన. "జరగడమేంటి, అమ్మ గదికి పునాది దీంతోనే తవ్వుతా. పాత ఇనుము సత్తా ఏంటో అందరూ చూస్తారు."

ఆ మాటకి మా అత్త పొంగిపోయింది. కొడుకు తన చేత్తో తన గదికి పునాది తవ్వుతాడట, ఇంకేం కావాలి!

ఇంజన్ తిరగలేదు. ఈ వారం పంపు అన్నాడు, వచ్చే వారం క్లచ్చి అన్నాడు. ఒక పళ్ళచక్రం పగిలిందని, అలాంటిది బజారులో దొరకదని, తన లేత్ మీదే కొత్తది చేస్తానని కూర్చున్నాడు. అది చేసినంత సేపూ వేరే పనులు ముట్టలేదు. వేలికి వేస్తే కాలికి, కాలికి వేస్తే వేలికి. మేస్త్రీ ఫోన్ చేసి చేసి విసిగిపోయి, "మీకు గది కావాలో మ్యూజియం కావాలో తేల్చుకోండమ్మా" అన్నాడు.

రోజూ పనికి వెళ్ళేముందు నేను చేసే మొదటి పని, బెడ్‌పాన్ మీద గుడ్డ కప్పి ఆ మెట్లమీంచి కిందికి తేవడం. ఒక చెయ్యి రెయిలింగుకి, ఒక చెయ్యి పాన్‌కి. దిగేసరికి ఆయన అప్పటికే మిషను కింద దూరి ఉండేవాడు.

"ఏమండీ, మేస్త్రీ మళ్ళీ ఫోన్ చేశాడు."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఈ ఒక్క బుష్షూ ఊడొచ్చిందంటే..."

"నా చేతిలో ఏముందో ఒకసారి చూస్తారా?"

తల బయటపెట్టి చూశాడు. నా చేతివైపు కాదు, కాళ్ళవైపు.

"జాగ్రత్త, ఆ వైరు రోప్ తొక్కకు. ఇప్పుడే గ్రీజు పెట్టాను."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ ఎండాకాలంలో ప్రతి పొద్దునా తెలిసొచ్చింది. చేతిలో ఉన్నది ఆయన నెత్తిన బోర్లించకుండా వెళ్ళానంటే అది నా మంచితనం కాదు, మళ్ళీ కడుక్కోవాల్సింది నేనేనని.

మా అత్తకీ నాకూ మొదటినుంచీ పడదు. ఆవిడ నోరు కత్తెర, నా నోరు గొడ్డలి. నేను మిషను నడపడం ఆవిడకి నచ్చదు, ఆవిడ నా కూరల్లో ఉప్పు గురించి పక్కింటివాళ్ళకి చెప్పడం నాకు నచ్చదు. కాబట్టి ప్రేమతో సేవ చేశానని ఎవరూ అనుకోవద్దు. కళ్ళెదురుగా ఒక మనిషికి అన్యాయం జరుగుతుంటే ఆ మనిషి మనకి నచ్చాలని లేదు కదా.

ఒకరోజు సాయంత్రం పనినుంచి వచ్చి చూస్తే, పొద్దున నేను పెట్టి వెళ్ళిన నీళ్ళ చెంబు నిండుగా అలాగే ఉంది. రేకుల కింద గది. నిప్పుల కొలిమి.

"నీళ్ళు తాగలేదేం?"

"దాహం వెయ్యలేదు."

"పిట్టలు సొమ్మసిల్లి పడిపోతున్నాయి బయట. మీకు దాహం వెయ్యలేదా?"

"అరవకే. నీ గొంతు కాలవ దాకా వినబడుతుంది."

"వినబడనీండి. ఎందుకు తాగలేదో చెప్పండి."

గోడవైపు తిరిగింది. "తాగితే మళ్ళీ వస్తుంది కదే. నువ్వేమో ఉండవు," అంది.

"కింద మీ అబ్బాయి ఉన్నాడు కదా? ఒక్క కేక వేస్తే..."

"కొడుకుతో చేయించుకోనా ఆ పని? ఏం మనిషివే నువ్వు? నాకు సిగ్గు లేదూ?"

అదీ సంగతి. ఆ మండుటెండల్లో, ఆ రేకుల కింద, మా అత్త పొద్దుటినుంచి సాయంత్రం దాకా చుక్క నీరు ముట్టకుండా నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోంది. కింద కొడుకు ఇనుముకి దాహం వేస్తుందేమోనని డబ్బాలకి డబ్బాలు నూనె తాగిస్తున్నాడు.

నేను వెళ్ళి ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. "ఈ ఆదివారానికి ఎలాగైనా తిప్పేస్తా," అన్నాడు. నేనేమో మనిషికి బుద్ధొచ్చింది కాబోలు అనుకుంటున్నాను, ఆయన తిప్పేస్తానన్నది ఇంజన్ని.

ఆదివారం అనగానే ఇంకో చిరాకు. పాత ఇనుము పిచ్చి ఒక్కడికే ఉంటే ఇంట్లో తలుపేసి తిట్టొచ్చు, నలుగురికి ఉంటే అది సంఘం అయిపోతుంది. మా ఆయన సంఘంలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు పళ్ళ డాక్టరు. వారమంతా జనం పళ్ళు పీకి, ఆదివారం మా మిషను బకెట్ పళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. రెండోవారు రిటైరైన బస్సు మెకానిక్కు. పెద్దాయన, నేను బాబాయ్ అంటాను. ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ, తట్టి చూస్తూ, చెవి ఆనించి వింటూ, గంటలు గంటలు గడిపేవారు. టీ ఎవరు పెట్టారో వేరే చెప్పాలా?

వాళ్ళు దాన్ని 'పెద్దావిడ' అని పిలుచుకునేవారు. డాక్టరు గేటు తీస్తూనే, "ఏం చెల్లెమ్మా, పెద్దావిడ ఎలా ఉంది?" అన్నాడు ఆ ఆదివారం.

"ఏముంది డాక్టరు గారూ, రాత్రినుంచి ఒళ్ళు కాలిపోతోంది," అన్నాను. నిజంగానే ముందురోజు నుంచి మా అత్తకి జ్వరం.

"ఒళ్ళు కాలడమేంటి? ఇంజన్ తిరిగిందా అయితే?" అని మొహం చాటంత చేసుకుని లోపలికి పరిగెత్తాడు.

నవ్వొచ్చిందంటే నవ్వొచ్చింది. నవ్వాక మాత్రం ఏడుపంత కోపం వచ్చింది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట. పైన ఒక పెద్దావిడ నీళ్ళు తాగక, మూత్రంలో మంటెక్కి, జ్వరంతో మూలుగుతుంటే, కింద ఇంకో పెద్దావిడకి నూనెతో తలంటు.

మళ్ళీ నలుగురి చేత కుర్చీలో దింపించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మందులకి జ్వరం తగ్గింది గానీ, "నీళ్ళు తాగకపోతే మళ్ళీ వస్తుంది, ఈసారి కిడ్నీల దాకా పోతుంది," అని గట్టిగా చెప్పి పంపారు ఆసుపత్రిలో. ఆ మాట విన్నాక ఇంక నేను ఎవరినీ ఏమీ అడగలేదు. కాలవ దగ్గర సూపర్‌వైజర్‌కి ఉన్న విషయం చెప్పి, మధ్యాహ్నం పని ఆపేసి, నా పొక్లెయిన్‌ని మా వీధిలోంచి నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాను. చైన్ల చప్పుడుకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా గేటు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. మధ్యలో మా ఆయన నిలబడ్డాడు, రెండు చేతులూ చాపి.

నేను ఇంజన్ ఆపలేదు. తల బయటపెట్టి, "తప్పుకోండి," అన్నాను.

"ఏం చేస్తావు?"

"దాన్ని గొలుసేసి మూలకి లాగుతా. పునాది తవ్వుతా. సాయంత్రానికి అయిపోతుంది."

"లాగితే దాని ఫ్రేము వంగిపోతుంది. గేర్లు పట్టేసి ఉన్నాయే, అలా లాగకూడదు. నువ్వూ ఆపరేటర్‌వే, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. వంగితే వంగనీండి."

"ఒక్క వారం. ఒట్టు. పళ్ళచక్రం అయిపోయింది, బిగించడమే ఉంది. ఒక్క వారం ఇవ్వు."

నేను లివరు మీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఆయన కదలలేదు. అప్పుడు పైనుంచి గొంతు వినబడింది. మా అత్త వాకరు పట్టుకుని, ఆయాసపడుతూ, మెట్ల చివర గుమ్మం ముందున్న సిమెంటు అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"ఏమే, నడివీధిలో మొగుణ్ణి తొక్కించేస్తావా ఏంటి? వాడికి వారం ఇవ్వవే. ఇన్నాళ్ళు ఆగినదాన్ని వారం ఆగలేనా? చిన్నప్పటినుంచీ వాడికి మిషన్లంటే ప్రాణం. నా గది వాడే తవ్వుతానంటున్నాడు, తవ్వనీ."

ఎవరికోసం నేను వీధిన పడ్డానో ఆవిడే అలా అంటే ఇంకేం చెయ్యను? "మీ ఇష్టం. మీరూ మీరూ ఒకటి, మధ్యలో నేనెవర్ని!" అని మిషను వెనక్కి తిప్పాను. ఆ సాయంత్రం కాలవలో ఒక్కో బకెట్టూ ఎంత బలంగా దించానంటే, "అమ్మా, కాలవ తవ్వమన్నారు గానీ బావి కాదు," అన్నాడు సూపర్‌వైజరు.

ఒట్టు వేసినందుకో ఏమో, వారం తిరిగేసరికి నిజంగానే సిద్ధం చేశాడు. ఆదివారం పొద్దున్నే సంఘమంతా దిగింది. డాక్టరు పెద్ద కెమెరా తెచ్చాడు. మా ఆయన తెల్లవారకముందే లేచి, పాత గుడ్డలు నూనెలో ముంచి, దాని ఒళ్ళంతా రుద్దాడు. తుప్పు కనబడకూడదు, ఫోటోలో తళతళలాడాలి. బకెట్‌ని మోసే బూమ్, చక్రాలు, తాళ్ళు చుట్టుకునే డ్రమ్ములు, దేన్నీ వదల్లేదు.

బాబాయ్ హ్యాండిల్ వేసి తిప్పాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి నల్లటి పొగ ఒక ముద్ద వదిలి, డబ్ డబ్ డబ్ అని అందుకుంది. నేల అదిరింది. పైన మా అత్త వాకరుతో అరుగు మీదికి వచ్చి, రెయిలింగు పట్టుకుని నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

అబద్ధమెందుకు, ఆ మిషను అందమైనదే. నా పొక్లెయిన్‌లో లివరు కాస్త కదిపితే నూనె ఒత్తిడే పని చేసి పెడుతుంది. దాంట్లో అలా కాదు. తాడు బిగుస్తుంటే ఆపరేటరు అరచేతికి తెలియాలి, బకెట్ నేలని కరిచిన సంగతి కాలికి తెలియాలి. మా ఆయన సీట్లో కూర్చుని లివరు లాగితే, గునపం దిగని ఆ నేల పెళపెళమని లేచింది. బకెట్ నిండా రాళ్ళతో పైకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అన్నాళ్ళ కోపంలోనూ ఒక్క నిమిషం నా మొగుడు గొప్పవాడే అనిపించింది.

బకెట్‌ని మెట్లవైపు తిప్పాడు, రాళ్ళు అటుపక్క పొయ్యాలని. బ్రేకు మీద కాలు వేశాడు. బకెట్ ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. డ్రమ్ము గిర్రున తిరిగిపోయింది, తాళ్ళు సర్రున జారాయి, రాళ్ళతో సహా బకెట్ వచ్చి ఇనుప మెట్ల నడుం మీద పడింది. గోడలోంచి బోల్టులు ఊడొచ్చాయి. మెట్లు మెట్లన్నీ మడతపడి కింద కూలాయి.

దుమ్ము తగ్గాక చూస్తే, మా అత్త పైన అరుగు మీద అలాగే నిలబడి ఉంది, వాకరు పట్టుకుని. ఆవిడ కాళ్ళ ముందు మెట్లు లేవు.

మా ఆయన సీట్లోంచి దూకాడు. పరిగెత్తాడు. బకెట్ దగ్గరికి. వంగి దాని పళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాడు. తర్వాత బూమ్ చివరున్న కప్పీ వైపు తలెత్తి చూశాడు.

"తాడు తెగలేదు," అన్నాడు గట్టిగా, మా అందరికీ ధైర్యం చెబుతున్నట్టు. "పళ్ళు కూడా బానే ఉన్నాయి."

అప్పుడు పైకి చూసి, "అమ్మా, నీకేం కాలేదు కదా?" అన్నాడు.

మా అత్త అప్పటిదాకా పైనుంచి కొడుకునే చూస్తోంది. నేను ఆవిడ మొహం చూశాను. భయం లేదు అందులో. ఏదో లెక్క సరిపోయినట్టు, ఇక అడగాల్సింది ఏమీ లేనట్టు ఉంది.

బాబాయ్ డ్రమ్ము మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు వెలుతురులో పెట్టి చూశాడు. "డ్రమ్ముకి నూనె రాశావేంట్రా?"

"ఫోటోలో మెరుస్తుందని..." అన్నాడు మా ఆయన.

బ్రేకు పట్టీ డ్రమ్మును బిగించి ఆపాలంటే అది పొడిగా ఉండాలి. సైకిల్ తొక్కే పిల్లాడికైనా తెలిసిన సంగతి. మా ఆయనకి తెలియక కాదు. లేత్ మీద తల నెరిసిన మనిషి. తెలిసే రాశాడు. అది మెరవాలి, అంతే. మైకంలో ఉన్నవాడికి బ్రేకెందుకు గుర్తుంటుంది?

"ఫైరింజన్ వాళ్ళకి ఫోన్ చేద్దాం," అన్నాడు డాక్టరు.

"ఎవరూ వద్దు," అంది మా అత్త పైనుంచి. "అమ్మాయ్, నీ మిషను తీసుకురా. నన్ను దించు."

బకెట్లో మనిషిని ఎక్కించకూడదు. మా పనిలో అందరూ మొట్టమొదట నేర్చుకునే రూలు అది. ఇంకెవరైనా ఆ పని చేస్తే చెంప పగలగొట్టేదాన్ని. అయినా వెళ్ళి తెచ్చాను. వీధి చివరనుంచి మా గేటు దాకా మిషను నడిపిస్తూ దారి పొడుగునా మా ఆయన్ని, డాక్టర్ని, ఆ కెమెరాని, వాళ్ళు తాగిన టీలని, ఆ టీలు పెట్టిన నన్ను, అందర్నీ పేరుపేరునా తిట్టుకున్నాను.

బాబాయ్ నిచ్చెన వేసుకుని పైకెక్కి, గదిలోంచి పరుపు తెచ్చి బకెట్లో పరిచాడు. నేను బకెట్ అంచుని అరుగుకి ఆనించి ఆపాను. ఒక్కడి వల్ల కాదు, ఇంకో మనిషి సాయం పట్టాలి. మా ఆయన గబగబా నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"ఆగమ్మా, నేనొచ్చి ఎత్తి కూర్చోబెడతా."

"నువ్వొద్దు," అంది మా అత్త.

కోపంగా అనలేదు. కూర మారు వడ్డించబోతే వద్దన్నట్టు అంది, అంతే. మా ఆయన నిచ్చెన మీంచి కాలు తీసేశాడు. డాక్టరు ఎక్కాడు.

ఎన్ని టన్నుల రాయి ఎత్తానో ఈ చేతులతో, ఆ రోజు దించినంత మెల్లగా ఏదీ దించలేదు. అద్దంలోంచి నాకు ఆవిడ కళ్ళు కనబడుతున్నాయి. నా మీదనుంచి చూపు తిప్పలేదు. బకెట్ నేలకి తాకగానే ఇంజన్ ఆపి, దూకి వెళ్ళి పట్టుకున్నాను.

"కుదుపు లేదే నీ మిషను," అంది. "మంచి మిషనే." తర్వాత, "నీళ్ళివ్వు," అంది. చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసింది.

ఆ సాయంత్రం లేత్ ఆపేసి, షెడ్డులో ఒక పక్క తెర కట్టి ఆవిడకి మంచం వేశాం. లేత్ ఆగితే తిండెలా అని అన్నాళ్ళూ ఆ షెడ్డులో మంచం వెయ్యనివ్వని మా ఆయన ఆ రోజు కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున సూపర్‌వైజరు నేనడక్కముందే, "నీ ఇంట్లో పని చూసుకునే రా అమ్మా, కాలవ ఎక్కడికీ పారిపోదు," అన్నాడు. నేను మిషనూ గొలుసూ తీసుకుని వచ్చేసరికి మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఈసారి చేతులు చాపలేదు. చేతులనిండా కిరసనాయిలు వాసన.

"డ్రమ్ము కడిగేశాను," అన్నాడు. "పట్టీలు ఎండలో ఆరబెట్టి మళ్ళీ బిగించాను. ఇప్పుడు పట్టుకుంటుంది. బాబాయ్ కూడా చూశాడు." నా గొలుసు వైపు చూశాడు. "ఒక్క బకెట్టు నన్ను తియ్యనివ్వు. ఒక్కటే. అమ్మకి మాటిచ్చాను కదా. మిగతాదంతా నువ్వే తవ్వుకో."

జాలి పడాల్సింది. ఒకప్పుడైతే పడేదాన్ని కూడా.

"వద్దు," అన్నాను.

"ఒక్కటే కదే!"

"ఒక్కటి కూడా వద్దు. మీరు మాటిచ్చింది మీ అమ్మకి కాదు. దానికి. ఆ మాట మీరు నిలబెట్టుకున్నారు, అది తిరిగింది. మీ అమ్మ సంగతి ఇక నేను చూసుకుంటాను."

ఆయన షెడ్డువైపు తిరిగాడు. మా అత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, వాకరు పక్కన పెట్టుకుని.

"అమ్మా, నువ్వైనా చెప్పమ్మా దానికి."

మా అత్త నావైపు చూసి, "బాత్రూము తలుపు ఎటువైపు పెట్టిస్తున్నావే? గదిలోంచే పెట్టించు. గుమ్మం దాటాల్సిన పని ఉండకూడదు," అంది.

గొలుసు వేసి లాగాను. దాని గేర్లు కీచుమన్నాయి. ఎక్కడో ఏదో టప్‌మని విరిగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను ఆపలేదు. మూలకి లాగేసి, వెనక్కి వచ్చి, పునాది మొదలుపెట్టాను. ఎండ నడినెత్తికి రాకముందే నాలుగు వైపులూ తవ్వేసి, సెప్టిక్ గొయ్యి కూడా తీసేశాను. అన్నాళ్ళు ఆగినదానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

తర్వాత పని చకచకా సాగింది. మా ఆయన ఇటుకలు మోశాడు, సిమెంటు కలిపాడు, మేస్త్రీ తిడితే పడ్డాడు. మూలనున్న ఇనుము వైపు వెళ్ళలేదు. డాక్టరు ఒకటి రెండుసార్లు వచ్చి, గేటు దగ్గరే నిలబడి, నేను టీ అడక్కపోయేసరికి వెళ్ళిపోయాడు. మా అత్త నాతో మాత్రం మామూలుగానే పోట్లాడేది. పునాది వంకర అంది, కిటికీ చిన్నది అంది, నా కూరలో ఉప్పు ఎక్కువ అంది. కొడుకు పలకరిస్తే మాత్రం, అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు ఇంకోవైపు తిరిగేది.

తలుపు బిగించిన రోజుకి గోడలకి సున్నం కూడా వెయ్యలేదు. రెండు రోజులు ఆగమన్నాను. "నేను సున్నం చూడ్డానికి పోవట్లేదే," అంది. వాకరు పట్టుకుని లేచింది. పెళ్ళికి వెళుతున్న మనిషిలా నెమ్మదిగా, ఠీవిగా నడిచింది. నేను వెనకే వెళ్ళి బాత్రూము తలుపు పట్టుకుని నిలబడ్డాను, ఎప్పటిలాగే సాయం చెయ్యడానికి.

"తలుపు వదులు," అంది.

"పడితే?"

"పడితే అరుస్తాను. వదులు."

వదిలాను. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. ఎండాకాలమంతా ఆవిడకి లేనిది ఆ గడియే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత కోపంలోనూ తిరిగాయి.

మా ఆయన బయట ఇసక కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనా విన్నాడు. నా దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా, "అమ్మ నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో," అన్నాడు. "నువ్వు చెబితే వింటుంది. ఒక్కసారి నాతో మాట్లాడమని నువ్వైనా చెప్పవూ?"

లోపల కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"ముందు నేను మీతో మాట్లాడితే కదా," అన్నాను, "ఆవిడకి చెప్పేది."